అడుగు పడని మంచు

సరస్సు నీళ్ళు ఇంకా కంటికి ఆనడం లేదు. చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పడమటి గాలికి అల లేచి ఒడ్డు చెట్ల మొదళ్ళను కొట్టి, చిట్లి, ఆ తుంపర కొమ్మల మీద పడీ పడగానే గడ్డకట్టుకుపోయే చప్పుడు. కాదు, గడ్డకట్టడానికి చప్పుడెక్కడిది, అది నా పళ్ళు కొట్టుకునే చప్పుడు అయ్యుంటుంది, అనుకుంది కినుకో. ఇందాకే టార్చి పట్టుకుని పైన్ తోపులోంచి బయటికొచ్చి, తోపుకీ నీళ్ళకీ మధ్య పరుచుకున్న మంచులో దిగి, అంచు దాకా వెళ్ళి వచ్చింది. మోకాలి లోతు. కాలు దిగబడుతుంది, పైకి లాగాలి, రెండోది దిగబడుతుంది, దాన్నీ లాగాలి, అరవయ్యో ఏట చేయాల్సిన పని కాదు. అంచున నిలబడి వెనక్కి టార్చి వేసి చూసుకుంది. గుంటలు. వచ్చిన దారంతా నల్లగా గుంటలు. అమ్మయ్య అనుకుంది. ఎవరు నడిచినా ఇంతే మరి. పిల్లి నడిచినా ఈ మంచు చెప్పేస్తుంది. అలాంటిది తన మొగుడు ఇసావో అంతటి మనిషి, డెబ్భై కిలోల పైచిలుకు మనిషి, ఇక్కడ నడిచి గుర్తు పడకుండా ఎలా ఉంటుంది? ఉండదు. ఏడాదిగా చెబుతున్నది అదే. ఎవరూ వినరు. అత్తగారు వినదు, మరిది తాదాషి వింటున్నట్టు తలూపి మళ్ళీ మొదటికొస్తాడు. అందుకే ఈ చలిలో, ఈ చీకట్లో, వాడటం చేతకాని కెమెరా ఒకటి మెడలో వేసుకుని వచ్చింది. రెండు పక్కలా పొదలు తుంపర తాగి తాగి గోడల్లా గడ్డకట్టి ఉన్నాయి, వాటిలోంచి కుందేలు కూడా దూరలేదు. నీళ్ళ దగ్గరికి పోవాలంటే ఈ మంచు తొక్కే పోవాలి. వెలుగు రాగానే అదంతా ఫోటో తీసి, ఈ పొదలూ, ఈ మంచూ, తన అడుగులూ, అన్నీ తీసి, సాయంత్రం అందరి ముందూ పెట్టి, చూడండి, ఇదీ సంగతి, అనాలి.

పోయిన ఏడాది ఫోటో ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఉంది. ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో చెప్పే కాయితం పక్కనే, అయస్కాంతం బిళ్ళ కింద. ఇసావో కనిపించకుండా పోయిన రోజు పొద్దున ఇక్కడే ఎవరో ఫోటోల సంఘం పెద్దమనిషి తీసినది. పోలీసులు వాకబు చేస్తూంటే ఆయనే తెచ్చి ఇచ్చాడట. పోలీసాయన బల్ల మీద పెట్టి వేలితో చూపించాడు. చూడండమ్మా, తెల్లవారేసరికి మంచు ఇలా ఉంది, ఎవరూ నడవలేదు, మేం ఇదమిత్థంగా ఏమీ చెప్పలేం, అన్నాడు. ఆయన చెప్పలేమన్నదాంట్లోనే కినుకోకు కావలసిందంతా ఉంది. కాళ్ళావేళ్ళా పడి ఒక కాపీ తెచ్చుకుంది. ఇంటికొచ్చిన వాళ్ళందరూ ఎంత బాగుందో అంటారు, ఆ చెట్లు చూడు, కొవ్వొత్తులు కారినట్టు ఎలా కారి నిలిచిపోయాయో అంటారు. ఆమె చెట్లని ఎప్పుడూ చూడలేదు. పైన బందై కొండ ఉందన్న సంగతి కూడా ఎవరో అంటేనే తెలిసింది. ఆమె చూసేది ఫోటోలో కింది భాగం. ఏమీ లేని భాగం. ఉతికి ఆరేసిన దుప్పటిలా ఒక్క మరక లేని ఆ తెలుపు. బియ్యం కడుగుతూ చూస్తుంది, రాత్రి నీళ్ళు తాగడానికి లేచి చూస్తుంది. లేడు కదా, ఇక్కడ లేడు కదా, అని దానితో అంటుంది. అత్తగారు ఆ బొమ్మని పెద్దల గూట్లో పెట్టి దీపం వెలిగించమంటే, అంత ముసలిదాని మీద గొంతు చించుకుని అరిచింది. గూట్లో పెడితే పోయినవాళ్ళలో కలిపేసినట్టే. ఫ్రిజ్ మీద ఉన్నంతసేపూ ఆయన ఎక్కడో ఉన్నట్టే.

ఎక్కడో అంటే ఎక్కడ? అది మాత్రం అడగకూడదు. కారు ఈ సరస్సు దగ్గరే నిలిపి ఉంది, నిజమే. అయితే కారు దిగి రైలు స్టేషనుకి నడిచి పోలేదని ఎవరైనా చూశారా? పర్సు తీసుకెళ్ళాడు, ఊలు మఫ్లరు చుట్టుకెళ్ళాడు. చచ్చిపోయేవాడికి మఫ్లరెందుకు? ఈ ప్రశ్న తాదాషిని నాలుగైదుసార్లు అడిగింది. అతను ప్రతిసారీ చేతులకేసి చూసుకున్నాడు. మనుషులు ఇల్లూ వాకిలీ వదిలేసి పోతూనే ఉంటారు, పేపర్లో వస్తూనే ఉంటుంది, ఏదో ఊళ్ళో ఏదో గదిలో పేరు మార్చుకుని బతికేస్తూ ఉంటారు. కొరియామా స్టేషనులో, సెందాయ్‌లో, ఒకసారైతే టోక్యో దాకా పోయి ఉఎనోలో, మెట్ల దగ్గర నిలబడి దిగే మొగాళ్ళ మొహాలన్నీ చూసింది. ఒక నూడుల్స్ బండి దగ్గర వెనకనించి అచ్చం అవే చెవులు. ముందుకెళ్ళి చూస్తే ఎవరో. ఆ ఎవరో పాపం నోట్లో నూడుల్స్‌తో అలాగే తలవంచి నమస్కారం పెట్టాడు. వేరే ఆడదానితో ఉన్నా బాగుండును. నిజంగా. లావుపాటి, నవ్వు మొహం ఆడది, బారు నడుపుకునేది, వాడికి పొద్దున్నే వేడి సూపు చేసి పోసేది. ఆ సూపులో ఉప్పెక్కువైందని వాడు సణుగుతూ ఉంటే బాగుండును. దానికి దణ్ణం పెట్టి, తల్లీ నువ్వే ఉంచుకో, బతికున్నాడని ఒక్క ముక్క చెప్పు చాలు, అనేది.

మంచు మనిషిని ఇలా చేస్తుందని పెళ్ళయి ఈ పక్కకి వచ్చినప్పుడు తెలియదు. ముప్ఫై ఏళ్ళు ఇసావో ఈ కొండదారుల్లో బస్సు నడిపాడు, ఒక్కసారి జారలేదు. ఇంటి కప్పు మీద మంచు దించడానికి ఎక్కి జారాడు. నిచ్చెన పట్టుకుని కిందే ఉంది కినుకో. పైన పార చప్పుడు, పార చప్పుడు, తర్వాత మెత్తగా ఏదో పడ్డ చప్పుడు. మంచు పడిందనుకుంది. కుప్పలు కుప్పలుగా పడేది మంచే కదా, అందులో మనిషి పడ్డాడని ఎవరనుకుంటారు? తుంటి విరిగింది. అతికింది గానీ మళ్ళీ బస్సెక్కనివ్వలేదు. డిపోలో కిటికీ వెనక కూర్చోబెట్టారు, పోయిన గొడుగులూ చేతిగుడ్డలూ అప్పగించే పని. కొన్నాళ్ళు చేసి మానేశాడు. తర్వాత దుప్పటి కప్పిన వేడిబల్ల కింద కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం. టీవీ పెట్టేవాడు కాదు. పెట్టమంటే పెట్టేవాడు. నారింజ తొక్క ఒలిచి, తొనలు వరసగా పేర్చి, తినేవాడు కాదు. ఏమైందీ అంటే ఏం లేదు అనేవాడు. ఏం లేదు, ఏం లేదు. ఆ మాట ఆ ఇంట్లో గోడలకి అంటుకుపోయింది. చివరి రోజు ఇంకా తెల్లవారనే లేదు, ఆమె పక్క మీదే ఉంది, గుమ్మం దగ్గర రబ్బరు బూట్ల చప్పుడు. "చెత్త బయట పెట్టేశాను," అన్నాడు. ఊఁ అంది. అంతే. ఊఁ అని అటు తిరిగి పడుకుంది. లేచి చూస్తే సంచి నీటుగా ముడివేసి, కాకులు పొడవకుండా వల కప్పి ఉంది. చచ్చేవాడు చెత్త సంచికి వల కప్పుతాడా తాదాషీ? మళ్ళీ అతను చేతులకేసి చూసుకున్నాడు.

ఆదివారానికి ఏడాది. "వదినా, అమ్మ ఎన్నాళ్ళో ఉండదు. కొడుక్కి కర్మ జరిగిందని చూసి పోతానంటోంది. ఎముకలు లేకపోతే ఆయన డ్రైవరు టోపీ పెట్టి చేద్దాం, గుడి పంతులుగారు కూడా ఫరవాలేదన్నారు," అని తాదాషి మెల్లగా, చాలా మెల్లగా చెప్పాడు. అంత మెల్లగా చెప్పినందుకే అతని చెంప పగలగొట్టాలనిపించింది. టోపీని పాతిపెట్టాలిట. బతికున్నవాడి టోపీని. రేపు గడియ తీసుకుని లోపలికొచ్చి, నా టోపీ ఏదీ, అంటే ఏం చెప్పాలి?

తోపులో అలికిడైంది. నుదుటికి కట్టుకున్న లైట్లు చెట్ల మధ్య ఊగుతూ వచ్చాయి. ఒకటి, మూడు, ఏడెనిమిది. ఫోటోల వాళ్ళు. ఈ రెండు నెలలూ ఈ ఒడ్డు వాళ్ళది. మూడుకాళ్ళ స్టాండ్లు టకటకా విప్పి తోపు అంచున వరసగా పాతేస్తున్నారు. కుడివైపు అప్పటికే ఒక స్టాండు ఒంటరిగా మంచు కప్పుకుని నిలబడి ఉంది, నిన్నే ఎవరో చోటు కోసం పాతిపోయినట్టున్నారు. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ, మెగురో గారని పిలుస్తున్నారు ఆమెని, దాని భుజం తట్టి "పాపం, నువ్విక్కడ బిగుసుకు చస్తుంటే మీ ఆయన వేణ్ణీళ్ళ స్నానాల్లో మునకలేస్తున్నాడా?" అంది. అందరూ నవ్వారు. సన్నటి నవ్వు, చలికి మూతులు విప్పలేని నవ్వు. వీళ్ళు మనుషులు, వీళ్ళకి ఇంట్లో ఎవరో టిఫిను కట్టి పంపారు, అనుకుంది కినుకో. ఆ నవ్వు ఠక్కున ఆగిపోయింది. లైట్లన్నీ ఒక్కసారి ముందున్న మంచు మీదికి తిరిగాయి.

"అయ్యయ్యో! ఎవరండీ ఇలా తొక్కేసింది?"

"కొత్త మంచు! రాత్రే పడింది! నాలుగు గంటలు కారు తోలుకొచ్చాను దీనికోసం!"

కినుకోకి ముందు అర్థం కాలేదు. తర్వాత చెవుల్లోకి వేడి పాకింది. తన అడుగులు. నీళ్ళ దాకా వెళ్ళి వచ్చిన తన గుంటలు ఆ లైట్లలో పుండ్లలా కనిపిస్తున్నాయి. వాళ్ళ ఫోటోలో అడుగున పడేది అదే కాబోలు. అడుగు పడని మంచు ముందు ఉంటేనే వెనక చెట్లకి అందం కాబోలు. నడుము విరిగేలా వంగింది. "నేనేనండీ. తెలియక నడిచాను. క్షమించండి, అందరికీ శ్రమ ఇచ్చాను." అటు తిరిగి వంగింది, ఇటు తిరిగి వంగింది. ఎవరూ పైకి ఏమీ అనలేదు, ఫరవాలేదండీ ఫరవాలేదు అన్నారు, ఆ ఫరవాలేదులో ఎంత పరవా ఉందో ఎవరికైనా తెలుస్తుంది.

"ఎందుకమ్మా అన్ని దణ్ణాలు, నడుం పట్టేస్తుంది," అన్నాడు ఒక ముసలాయన. పొట్టివాడు, చెవుల మీదికి దిగిన కుచ్చుటోపీ, వీపు మీద సంచీ. "సాసె గారూ, మీ జల్లెడకి పని పడింది!" అని మెగురో గారు కేకేసింది. ఆయన సంచీలోంచి చిన్న చీపురూ, పిండి జల్లించే గుండ్రటి జల్లెడా తీశాడు. కొండల అవతల, నీగాతా వైపు చిన్న ఊళ్ళో ఆయనకి సోబా నూడుల్స్ కొట్టుందట, ఏడాదికి ఒక్కసారి కొట్టు మూసుకుని ఈ మంచు గడ్డల ఫోటోలు తీయడానికి వస్తాడట. మంచులోకి దిగి, ఆమె అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ అంచు దాకా పోయాడు. అక్కణ్ణించి వెనక్కి వెనక్కి రావడం మొదలుపెట్టాడు. నేల తుడిచే ఆడమనిషి గుమ్మం వైపు వెనక్కి జరుగుతూ వచ్చినట్టు. ఒక్కొక్క గుంటనీ చేత్తో పూడ్చి, చీపురుతో సాపు చేసి, పక్కనించి తీసిన మంచుని జల్లెడలో వేసి అటూ ఇటూ ఆడిస్తే పిండిలా రాలి కప్పేస్తోంది. అందరూ లైట్లు పట్టుకుని చూస్తున్నారు. ఎంత ముచ్చటగా చేస్తున్నాడో. కినుకో కూడా చూస్తోంది. తన అడుగులు ఒక్కొక్కటే పోతున్నాయి. తూర్పున తోపు వెనక ఆకాశం బూడిదరంగుకి తిరుగుతోంది. పోతే పోనీ, ఆయన పైకొచ్చాక తీసుకుంటాను, అడుగు పడని మంచు నాకూ కావలసిందే, ఫ్రిజ్ మీది దానికి జోడీగా, అనుకుంది. చివరి గుంట కూడా పూడ్చి, జల్లెడ దులుపుకుంటూ ఆయన ఆమె పక్కకి ఎక్కి వచ్చాడు. రొప్పుతున్నాడు. సంతోషంగా ఉన్నాడు.

"చూశారా? దేవుడొచ్చి చూసినా కనుక్కోలేడు. మీరేం బాధపడకండమ్మా. మీరు నయం, వెళ్ళిన దార్లోనే వెనక్కొచ్చారు, సగం పనే. పోయినేడు ఒకాయన నడిచాడు చూడండి, నీళ్ళ దాకా పోయాడే గానీ తిరిగొచ్చిన జాడ లేదు. ఎటు దిగి ఎటు పోయాడో. ఇంకా ఎవరూ రాలేదు, నేనొక్కణ్ణే. ఎవరో బుద్ధిలేనివాడనుకుని తిట్టుకుంటూ మొత్తం పూడ్చాను. తర్వాత వచ్చినవాళ్ళు అబ్బ ఎంత బాగుందో అని తీసుకున్నారు."

గాలి ఆగలేదు. అల మళ్ళీ వచ్చి చెట్లని కొట్టింది. కినుకో నవ్వింది, ఎదుటి మనిషి నవ్వుతూ చెబుతున్నాడు గనక మొహం తనంతట తానే నవ్వింది. పోయినేడు చాలా రోజులుంటాయి, అనుకుంది. ఏ రోజో. ఎవరో. ఫోటోలవాడే ఇంకొకడై ఉంటాడు. "పెద్ద పెద్ద అడుగులా అండీ?" అని అడిగింది. తన గొంతు ఎక్కడో వెనక చెట్లలోంచి వినిపించింది.

"లేదమ్మా, చిన్న చిన్నవి. ఎడం పక్క మాత్రం గుంటకీ గుంటకీ మధ్య గీత, కాలు ఈడ్చినట్టు. ఆ గీత పూడ్చడానికే ప్రాణం పోయింది. అందుకే గుర్తుంది."

తుంటి అతికాక ఎడమకాలు ఎత్తలేకపోయేవాడు. వసారాలో, వంటింటికీ వేడిబల్లకీ మధ్య, రాత్రి స్నానాల గదికి వెళ్ళేటప్పుడు, సర్ర్, సర్ర్. కాలెత్తి నడువు, చాప పాడవుతుంది, అని తనే అనేది. చాప పాడవుతుందని. ఆ చాప ఇప్పుడూ ఉంది, ఆ గీతలు ఇప్పుడూ ఉన్నాయి. ఇక్కడ గీశాడు ఆయన. మోకాలి లోతు మంచులో, ఆ కాలేసుకుని, ఎంతసేపు పట్టి ఉంటుంది, ఎన్నిసార్లు ఆగి ఉంటాడు, చలికి మఫ్లరు ముక్కు దాకా లాక్కుని ఉంటాడు. చలేసింది గనక మఫ్లరు. అంతే. అందులో ఇంకేమీ లేదు. చెత్త సంచికి వల కప్పినవాడు ఉత్తరం ముక్క రాయకుండా ఎందుకు పోయాడని ఏడాదిగా కొట్టుకుంది, రాయలేదు గనక బతికున్నాడని ఒక వాదన కూడా కట్టుకుంది. మంచు దేశంలో పుట్టిన మనిషి. వేకువనే కొత్త మంచులో ఒక వరస అడుగులు నీళ్ళ దాకా పోయి ఆగిపోతే చూసినవాళ్ళకి ఇంకేం చెప్పాలి? చూస్తే తెలుస్తుందిలే అనుకున్నాడు. కినుకోకి తెలుస్తుందిలే, ఎక్కడెక్కడో వెతుక్కోకుండా ఉంటుంది, అనుకున్నాడు. అంచున నిలబడి వెనక్కి తిరిగి చూసుకునే ఉంటాడు, తను ఇందాక చూసుకున్నట్టే, గుంటలన్నీ సరిగ్గా ఉన్నాయా అని. ఉన్నాయి. వాటిని ఈ మనిషి నూడుల్స్ పిండి జల్లించే జల్లెడతో కప్పేశాడు. బొమ్మ బాగా రావడానికి. చంపేయాలనిపించింది. ఆ జల్లెడ లాక్కుని ఆ టోపీ బుర్ర మీద పగిలేదాకా కొట్టాలనిపించింది. ఈయనే కదా నాకు ఏడాది ఇచ్చింది, అని కూడా అనిపించింది, ఫ్రిజ్ ముందు నిలబడి మాట్లాడుకున్న ఆ రాత్రులన్నీ ఈయన జల్లించి పోసినవే కదా. ఆ రాత్రులు కావాలి. మళ్ళీ ఒక్క పూట వెనక్కి, ఈ మనిషి నోరు విప్పకముందుకి పోవాలి. వినకుండా ఉంటే ఆదివారం దాకా బతికి ఉండేవాడు. ఇప్పుడు ఎక్కడా లేడు. కొరియామాలో లేడు, ఉఎనో మెట్ల మీద లేడు, లావుపాటి ఆడదాని సూపు దగ్గర లేడు. ఉన్నది ఈ నీళ్ళలోనే. ఏడాదిగా, ఈ అలల కింద, ఆ ఎడమకాలితో సహా.

తోపు వెనక వెలుగు పుట్టింది. వరసలో మాటలన్నీ ఆగిపోయాయి. వేళ్ళు చేతితొడుగుల్లోంచి బయటికొచ్చాయి. ముందు బందై కొండ తల మీద, తర్వాత చెట్ల కొనల మీద, గడ్డకట్టి ఊడల్లా వేలాడుతున్న నీటి మీద లేత ఎరుపు దిగుతూ వచ్చింది. "రండమ్మా, నా చోట్లో నిలబడండి. మొదటి ఫోటో మీదే. ఈ రంగు రెప్పపాటే ఉంటుంది," అన్నాడు సాసె గారు, స్టాండు పక్కకి జరుపుకుని. ఆమె నిలబడింది. కెమెరా ఎత్తి కంటికి పెట్టుకుంది. చెట్లు, ఎరుపు, కింద తెలుపు. ఉతికి ఆరేసిన తెలుపు. నొక్కలేదు. కెమెరా దించి, ముసలాయన వైపు తిరిగి, చేతులు ఒంటికి ఆనించుకుని, ఇందాక అందరి ముందూ వంగినదానికన్నా లోతుగా వంగింది.

"పోయినేడు నడిచింది మా ఆయనండీ," అంది. "మీకు చాలా శ్రమ ఇచ్చారు. క్షమించండి."

ముసలాయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఉండగానే ఆమె మొహం చూశాడు. తర్వాత మంచుకేసి చూశాడు, నీళ్ళకేసి చూశాడు. చేతిలో జల్లెడ ఉందని అప్పుడే తెలిసినట్టు దాన్ని కింద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తోచక, మళ్ళీ పట్టుకున్నాడు. పట్టుకునే మంచులోకి దిగాడు.

"సాసె గారూ! ఏంటిది! ఎండ పడుతోంది, అడ్డం లేవండి!" మెగురో గారి కేక. "ఏమైంది ఈయనకి, తనే పూడ్చి తనే తొక్కుతున్నాడు!" ఇంకెవరో బూతు మాట అన్నారు. వరస పొడుగునా కెమెరాలు ఆగిపోయాయి, ఎరుపు చెట్ల మొదళ్ళ దాకా దిగి పచ్చబడిపోతోంది. ఆయన వెనక్కి చూడలేదు. గుర్తు తెచ్చుకుంటున్నట్టు తల వంచుకుని, ఒకచోట ఆగి, కాదన్నట్టు కొంచెం ఎడమకి జరిగి, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ, రెండు చెట్ల మధ్యనించి నీళ్ళ అంచు దాకా పోయాడు. అల వచ్చి బూట్లు తడిపింది. అక్కడ ఆగి, ఆమె వైపు తిరిగాడు.

"ఇక్కడి దాకానమ్మా," అన్నాడు.

కినుకో తలూపింది.